నైరుతి తలుపు

ఒక పెద్ద అడవిలో ఒక బోలు మద్దిచెట్టు ఉండేది. ఏడంతస్తులు, నలభై తొర్రలు, కింద ఆగ్నేయం మూల అందరికీ కలిపి ఒకే వంటిల్లు. దానికి మేనేజరు గున్నయ్య అనే ఎలుగుబంటి.

అగ్నిమాపక అధికారి ఏనుగుగారు ఏడాదికోసారి తనిఖీకి వచ్చేవారు. వంటింటి పక్కన నీళ్ళ తొట్టి ఉండాలి, ముందు మెట్లకు మంట అడ్డొస్తే దిగడానికి వెనక తలుపు ఉండాలి. రెండూ ఉన్నాయి కాబట్టి ఆ ఏడాదీ సర్టిఫికెట్ ఇచ్చి వెళ్ళారు. గున్నయ్య దానికి పటం కట్టించి బొట్టు కూడా పెట్టాడు.

ఆ వారమే గున్నయ్యకు మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. వైద్యుడి దగ్గరికి పోవలసినవాడు వాస్తు చూసే బల్లి సిద్ధాంతిని పిలిపించాడు. బల్లి చెట్టంతా పాకి, వెనక తలుపు దగ్గర ఆగి, రెండుసార్లు టిక్కుమంది.

"నైరుతిలో తలుపు పెట్టుకుని మోకాళ్ళు బాగుండాలంటే ఎలాగండీ?"

ఆగ్నేయంలో నీళ్ళుండటం ఇంకా ఘోరమట. సాయంత్రానికల్లా తలుపు మీద మట్టి మెత్తారు. తొట్టిని ఈశాన్యానికి దొర్లించారు. అక్కడ దాన్ని అడిగేవాడు లేక, అందరూ అంట్లు కడిగిన నీళ్ళూ గంజీ తవుడూ పోసి వారంలో కుడితి తొట్టి చేశారు.

ఏడో అంతస్తులో మాణిక్యం అనే కుందేలు నాలుగు పిల్లల్ని కని పది రోజులు కాలేదు. తలుపు సంగతి తెలిసి కిందికొచ్చింది.

"గున్నయ్యగారూ, నా పిల్లలకింకా కళ్ళే తెరుచుకోలేదు. మంటొస్తే ఎటు దిగాలండీ?"

గున్నయ్య పక్కనున్న బల్లి నవ్వి జవాబిచ్చింది. "పిచ్చితల్లీ, అగ్నికి ఆగ్నేయం కేటాయించి ఉంది. హద్దు దాటి రాదు."

మాణిక్యం రోజూ వెళ్ళి ఆ మట్టిని గోళ్ళతో గీకడం మొదలుపెట్టింది. చెట్టు ఉమ్మడి గోడ పాడుచేస్తోందని గున్నయ్య రెండు నోటీసులిచ్చాడు. ఆమె వాటిని పిల్లల కింద పరిచి మళ్ళీ గీకింది.

ఒక ఆదివారం ముళ్ళపంది మిరపకాయ బజ్జీలు వేస్తుంటే మూకుడు అంటుకుంది. మంట సరిగ్గా ఆగ్నేయంలోనే లేచింది. ఆ చెట్టులో వాస్తు తప్పనిది అదొక్కటే. ముందు మెట్లకు పొగ కమ్మింది, నీళ్ళేమో మంటకు అవతల ఉన్నాయి. మాణిక్యం పిల్లల బుట్ట నోట కరుచుకుని వెనక్కి పరిగెత్తింది. నలభై తొర్రలవాళ్ళూ ఆమె వెంట పడ్డారు. అప్పుడు సర్టిఫికెట్ పటం చంకనపెట్టుకుని గున్నయ్య వచ్చాడు. మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి, అందరినీ తోసుకుంటూ వెళ్ళి గోడకు ఢీకొన్నాడు. అప్పటికే గీకి గీకి పలచబడ్డ మట్టి కూలిపోయింది. అందరూ ఆయన్ని తొక్కుకుంటూ బయటపడ్డారు. మాణిక్యం పిల్లల్ని లెక్కపెట్టుకుంది. నాలుగూ ఉన్నాయి. కూలబడి బావురుమంది.

ఏనుగుగారు వచ్చి మంట ఆర్పాక ఈశాన్యం మూల నుంచి బల్లి బయటికొచ్చింది. దాని నెత్తి మీద తవుడు. బెదురులో కప్పు మీంచి జారి కుడితిలో పడిందట.

"చూశారా, ఈశాన్యంలో నీళ్ళుండబట్టే నా ప్రాణం దక్కింది," అంది.

నిజమే కదా అనుకున్నారంతా. గున్నయ్య మోకాళ్ళు వంచి చూసుకున్నాడు, నొప్పి లేదు. ఆ కీర్తీ బల్లికే కట్టబెట్టాడు. మర్నాడు చుట్టుపక్కల చెట్ల మేనేజర్లందరూ బల్లి ఇంటి ముందు బారులు తీరారు. మాణిక్యానికి మూడో నోటీసు వచ్చింది, గోడ కూలినందుకు.

కాబట్టి, ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందని నవ్వకండి. ఊరు తగలబడే రోజున కుడితిలో పడ్డవాడే పండితుడు.