దొంగ గుండెనొప్పి

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. చివరికొచ్చేసరికి నా మొహం చూస్తే మీకు నవ్వబుద్ధి కాదు.

ఆటోనగర్‌లో లారీ బ్రేకుల కొట్టు నాది. ఏ పని చెప్పినా సగంలో ఆపేస్తానని అత్తారింట్లో నన్ను ‘బ్రేకుల దుర్గాప్రసాద్’ అంటారు. కొట్టు వల్ల వచ్చిన పేరని నేను బయట చెప్పుకుంటాను.

ఆదివారం మంగళగిరి కొండకి మెట్లదారిన వెళ్ళి స్వామికి పానకం ఇవ్వాలంది మా ఆవిడ ఉషశ్రీ.

“కార్లో పోదామే.”

“మెట్లెక్కుతానని మొక్కుకున్నానండీ. మీ ఆరోగ్యం కోసమే.”

“మొక్కు నీది, మోకాళ్ళు నావి!”

ఆ రోజే క్రికెట్ మ్యాచ్. అందుకని శనివారం కొట్లో కూర్చుని ఫోన్‌లో గుండెజబ్బు వీడియోలు చూశాను. జబ్బు ఒక్కసారిగా పడగొట్టదట, ముందు చిన్నచిన్న సూచనలిస్తుందట. అన్నీ బట్టీపట్టాను. టెన్త్‌లో అంత చదివుంటే కలెక్టర్నయ్యేవాణ్ణి.

పొద్దున్నే “ఉషా... గుండె...” అంటూ సోఫాలో వాలిపోయాను. మజ్జిగిచ్చి టీవీ ముందు పడుకోబెడుతుందనుకున్నాను. ఆవిడ నన్ను ఆటోలో పడేసి ఆసుపత్రికి లాక్కుపోయింది.

అక్కడ లిఫ్టు పనిచేయడం లేదు. నా చెయ్యి పట్టుకుని ఎక్కుతూ ఆవిడ ప్రతి మలుపులోనూ ఆగింది.

“తొందరగా నడువ్! పేషెంటుని నేను!” అని కసిరాను.

డాక్టర్ సుస్మిత చిన్నపిల్ల. నా పాఠం అప్పజెప్పాను. “మెట్లెక్కితే ఆయాసమండీ.”

“అది నాకూ ఉందిగా. ఈ వయసులో ఎవరికుండదు?” అంది ఉష.

“దవడ లాగుతోందండీ, భుజం దాకా.”

“పన్ను పుచ్చిందేమో. నేను రెండు నెలల్నించీ లవంగం పెట్టుకోవట్లా?”

“సాయంత్రానికి పాదాలు వాస్తాయండీ...”

“ఇవన్నీ జబ్బులేంటండీ! నాకు చెప్పులే పట్టట్లేదు. ఇల్లు ఊడిస్తే చెమటలు, నీరసం. ఎవరికైనా చెప్పానా?”

డాక్టరమ్మ రాయడం ఆపేసింది. కుర్చీ ఆవిడ వైపు తిప్పుకుంది. “అమ్మా, మీరు ఆ బల్ల మీద పడుకోండి.”

“నేనా? పేషెంటు ఈయనండీ!”

పరీక్షలన్నీ చేస్తే, ఉషకే గుండె రక్తనాళాలు రెండు మూసుకుపోయాయట. ఆ సాయంత్రమే స్టెంట్లు వేశారు. “ఈ ఎండలో ఆ కొండ మెట్లెక్కుంటే ఏమయ్యేదో చెప్పలేను,” అంది డాక్టరమ్మ. గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయాను. అది నటన కాదు. నా రిపోర్టు చూసి మాత్రం, “మీకేం లేదు. గ్యాస్ కూడా లేదు,” అంది.

ఉయ్యూరు నుంచి మా అత్తగారు మాణిక్యమ్మ వచ్చి నా చేతులు కళ్ళకద్దుకుంది. “నాయనా, వేళకి తీసుకొచ్చి నా బిడ్డని బతికించావు!” ఛీ, మంచం కింద దూరాలనిపించింది.

మూడో రోజు ఇక ఆగలేకపోయాను. “ఉషా, ఆవేళ నాకు నొప్పి లేదే.”

“తెలుసు. కుడిపక్క పట్టుకుని మూలిగారు.”

“మరెందుకు తీసుకొచ్చావు?”

“ఒకవేళ నిజమైతే? భయమేసిందండీ.”

ఆవిడ దుప్పటి సర్దాను. ఆవిడే మళ్ళీ అడిగింది. “నాకు ఆయాసమొస్తోందని మీకు నిజంగా తెలీదా?”

తెలుసు. బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కుతూ మధ్యలో కూలబడడం రోజూ చూస్తూనే ఉన్నాను. బద్ధకమనుకుని, కాఫీ ఏదని కేకలేశాను. సిగ్గు విడిచి అదే చెప్పాను. ఆవిడ అటు తిరిగి పడుకుంది.

“ఉషా... దవడ నొప్పి తగ్గిందా?” అన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ నొప్పి గురించి నేనడగడం అదే మొదలు.

ఆవిడ ఇటు తిరక్కుండానే అంది: “అలా ఉన్నట్టుండి అడక్కండి. గుండె తట్టుకోలేదు.”