మెడలో టేపు వేసుకున్న బ్రోకరు

సొంత కొట్టు వదిలేసి, ఊళ్లోవాళ్ల కొట్లు అద్దెకిప్పించే బ్రోకరుగా మారడం కంటే గొప్ప అదృష్టం ఈ కాలంలో ఇంకొకటి లేదు! నమ్మరా? మా తమ్ముడిని చూడండి.

నిన్నమొన్నటిదాకా వాడు టైలరు. ఏం బతుకండీ అది? పొద్దున షట్టరు ఎత్తడం, సాయంత్రం దించడం, మధ్యలో పరాయివాళ్ల పొట్టలు కొలవడం. పక్క మిషను మీద భార్య. రోజంతా మనిషి కళ్లెదుటే ఉంటే బెంగ పెట్టుకునే వీలేదీ?

జనం రెడీమేడ్‌కు అలవాటుపడ్డారు, యజమాని అద్దె పెంచాడు. తమ్ముడు బూట్లు కొనుక్కుని కమర్షియల్ ప్రాపర్టీల ఆఫీసులో చేరాడు. ఇప్పుడు వాడికి విజిటింగ్ కార్డుంది. దాని మీద నవ్వుతున్న ఫోటో ఉంది. కొట్టు బోర్డు మీద ఇన్నేళ్లూ కత్తెర బొమ్మే తప్ప వాడి మొహం ఎవరు వేశారు? ఒకప్పుడు ఒక్క తాళంచెవి. ఇప్పుడు గుత్తులకు గుత్తులు! వాటిలో ఒక్క కొట్టూ వాడిది కాదనుకోండి. అంత చిన్న విషయం ఎందుకు లెండి.

ఆ ఆఫీసులో చెప్పే చదువు అమోఘం. పాతవాళ్లు ఎందుకు ఖాళీ చేశారని ఎవరడిగినా, "వ్యాపారం పెరిగి పెద్ద చోటికి వెళ్లారండి" అనాలట. దివాలా తీసినవాళ్లు, మూటాముల్లె సర్దుకుని చెప్పకుండా పోయినవాళ్లు, అందరూ పెరిగినవాళ్లే! వెళ్లిపోయినవాళ్లను తలుచుకుని నిద్ర పట్టని నాలాంటి దానికి ఇంతకంటే మందేముంది?

మొదట్లో వాడు తప్పు చేయకపోలేదు. రేపు మనిషి ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి కుట్టు లోపల కాస్త గుడ్డ వదలడం టైలరు ధర్మం. వాడు గదినీ అలాగే కొలిచాడు. ప్రతి గోడ దగ్గరా కొంత వదిలేసి, మిగిలిందే చెప్పాడు. మేనేజరు తల పట్టుకున్నాడు. తగ్గించడం కాదు, గోడల మందం, మెట్లు, లిఫ్టు, వాచ్‌మన్ స్టూలు వేసుకునే చోటు కూడా కలిపి చెప్పాలట. హ్యాంగరు పొడుగు కూడా కలిపి ప్యాంటు గుడ్డ తెమ్మన్నట్టు! అయినా వాడు బుద్ధిగా నేర్చుకున్నాడు.

ఇంతలో చిన్న చిక్కు వచ్చింది. పాత కొట్టులో మా మరదలు ఇంకా మిషను తొక్కుతూనే ఉంది. కొత్తవాళ్లు దొరికేదాకా ఉండమన్నాడు యజమాని. వాళ్లను వెతికే పని ఎవరికిచ్చాడు? తమ్ముడి ఆఫీసుకి. ఆఫీసు ఎవరికిచ్చింది? తమ్ముడికే! వాడు నెగ్గితే ఆవిడ లేవాలి.

జిప్పు ఊడిన సంచి పట్టుకుని నేను అక్కడే కూర్చున్న రోజున, ఐస్‌క్రీం పార్లర్ పెట్టే పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చాడు. పొడుగాటి ఫ్రీజరు ఒకటి తప్పక పట్టాలని ఆయన షరతు. చుట్టూ చూసి, ఎందుకు ఖాళీ చేస్తున్నారని అడిగాడు. వల్లెవేసిన పాఠం అప్పజెప్పాల్సిన తమ్ముడు తాళాల గుత్తి తిప్పుతూ మిషను వైపు చూశాడు. మరదలు తలెత్తకుండా అందుకుంది.

"మా ఆయన పెరిగి పెద్ద చోటికి వెళ్లారండి. నేనే ఇక్కడ మిగిలాను."

తమ్ముడు బ్యాగులోంచి పాత టేపు తీసి మెడలో వేసుకున్నాడు. వంగి, మోకాళ్ల మీద కూర్చుని, గోడ నుంచి గోడకు కొలిచి అంకె చెప్పాడు. పెద్దమనిషి తన ఫ్రీజరు కొలతతో సరిచూసుకుని, పట్టదని పెదవి విరిచి వెళ్లిపోయాడు.

ఆయన మలుపు తిరిగాక మరదలు మిషను ఆపింది.

"ఈ గది అంత ఇరుకా?"

"కొంత కుట్టు లోపలికి పోయింది."

"మీ మేనేజరు కలిపి చెప్పమన్నాడన్నారుగా?"

"అలవాటు చావదుగా." టేపు చుట్టుకుంటూ అన్నాడు. "ఉండనీలే. ఎప్పుడైనా కావాలంటే విప్పుకుందాం."

కాబట్టి పాఠకులారా, ఇంటికొక బ్రోకరు ఉండి తీరాలి. ఆ వీధిలో షట్టర్లన్నీ దించే ఉన్నాయి, అన్నిటి మీదా అంటించిన టు-లెట్ కాగితాల్లో మా తమ్ముడి ఫోటోయే నవ్వుతోంది. దీపం వెలిగేది ఒక్క కొట్టులో. మన చోటు మనకు మిగలాలంటే, దాన్ని అద్దెకివ్వడం చేతకాని బ్రోకరు మనింటి మనిషే కావాలి మరి!

ఆ కొట్టు పని వచ్చే నెల వేరే బ్రోకరుకు అప్పగిస్తారట. రెండు రోజులుగా నాకు ఒకటే దిగులు. అతనికి కుట్టుపని వచ్చో రాదో!