పసుపు నిండుకున్న ప్రింటరు

ప్రతి ఇంట్లోనూ చెడిపోయిన ప్రింటరు ఒకటి ఉండి తీరాలని చట్టం చేయాలి! పనిచేసే ప్రింటరుతో ఏం లాభం? కాయితం మింగుతుంది, కాయితం కక్కుతుంది, అంతే. సంసారాన్ని నిలబెట్టేది మాత్రం చెడిపోయినదే.

నవ్వకండి. నంద్యాలలో ఎరువుల దుకాణం నడుపుకునేవాణ్ణి, గాలిమాటలు చెప్పే అలవాటు నాకు లేదు. 2003 వేసవిలో మా ఇంటికి కంప్యూటరుతో పాటు రంగుల ప్రింటరు వచ్చింది. మా వీధిలో అదే మొదటిది. ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ కాఫీ ఇచ్చేలోపు వాళ్ళ పేరు రంగురంగుల్లో అచ్చేసి చేతిలో పెట్టేవాణ్ణి. రంగులన్నీ ఆ మర్యాదలకే కారిపోతున్నాయని నాకేం తెలుసు?

సరిగ్గా అవసరం పడిన వారమే అది మొరాయించింది. మా ఆవిడ రమాదేవి ఆళ్ళగడ్డలో టీచరు. తొమ్మిదేళ్ళుగా పొద్దున ఏడింటి బస్సుకు పోయి, దీపాలు పెట్టే వేళకు తిరిగొస్తోంది. సగం రోజులు నిలబడే ప్రయాణం. ఇప్పుడు మాకు దగ్గర్లోని గోస్పాడులో ఖాళీ పడింది. బదిలీ దరఖాస్తు శనివారం సాయంత్రం ఐదు లోపల అందాలి. చేతిరాత చెల్లదు, కంప్యూటరులో కొట్టిందే కావాలన్నారు. నేనే కూర్చుని కొట్టాను. సోమవారం దర్జాగా ప్రింటు నొక్కాను. ప్రింటరు రెండుసార్లు మూలిగి, ఎర్రలైటు వేసుకుని కూర్చుంది.

ఇక చూడండి దాని మహిమ!

ఎదురింటి గురుస్వామి ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరైన మనిషి. మురుగుకాలువ తగాదాతో ఆరేళ్ళుగా మా గడప తొక్కలేదు. అలాంటివాడు ప్రింటరు చెడిందని తెలియగానే చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాడు! చెవి ఆనించి విన్నాడు. "గేరు పడలేదప్పా. లోపల ఏందో పట్టేసుకునింది" అని పక్కన ఒక్కటి చరిచాడు. ప్రింటరు బాగుపడలేదు. మేం బాగుపడ్డాం, కలిసి కాఫీ తాగాం. పనిచేసే ప్రింటరు ఎప్పుడైనా ఇద్దరు మనుషుల్ని కలిపిందా?

దాంతో వచ్చిన పుస్తకం తిరగేస్తే 'హెడ్ క్లీనింగ్' చేయమని ఉంది. అంటే తలంటు! మన తలంటుకు కుంకుడు రసం కావాలి. దాని తలంటుకు దాని రంగే కావాలట. పోసిన ప్రతిసారీ ఉన్న రంగులో మరికొంత తాగుతుంది. ఆరుసార్లు తలంటాను. నా పిల్లలకు దీపావళికి కూడా అంత శ్రద్ధగా పోసి ఎరుగను.

మంగళవారం కంప్యూటరు తెర మీద రోగం పేరు బయటపడింది. పసుపు రంగు లేదట! మా దరఖాస్తు మొత్తం నలుపే, పసుపు చుక్క అవసరం లేదు. అయినా సరే, పసుపు లేనిదే నలుపు కూడా వేయదట! పసుపు లేనిదే పని మొదలుపెట్టని ఆచారం మనకే ఉందనుకున్నాం, మిషన్లకు కూడా ఉంది.

"పసుపు అయిపోయిందంట!" అని అరిచాను.

వంటింట్లోంచి రమాదేవి గరిటెతో సహా వచ్చింది. "ఏం మాటలండీ అవి? ముత్తైదువ ఉండే ఇంట్లో పసుపు అయిపోయిందంటారా? నిండుకుందనాల."

నిజమే. మన ఇళ్ళలో పసుపూ కుంకుమా బియ్యమూ అయిపోవు, నిండుకుంటాయి. లేనిదాన్ని నిండిందని చెప్పుకునే సంస్కారం ఇంకెవరికుంది? లెంపలేసుకుని మెకానిక్ గిరీశ్‌కు ఫోను చేశాను. "పసుపు నిండుకుంది నాయనా" అన్నాను.

గిరీశ్ చిన్నప్పట్నుంచీ హాస్టళ్ళలో ఇంగ్లీషు చదువు చదివినవాడు. "నిండింటే ఇంగేం సార్? రంగుది కాదు సమస్య. కేబులు చూడండి" అన్నాడు. మెకానిక్కుకు నాకంటే ఎక్కువ తెలుసు గదా అని చూశాను. బుధవారం, కంప్యూటరులో ఉండే ప్రింటరు డ్రైవర్ని తీసేసి మళ్ళీ పెట్టమన్నాడు. ఆ మాట విన్న గురుస్వామి, "పాత డ్రైవర్ని నేనుండాను గదప్పా" అని చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. గురువారం ప్లగ్గు మార్చాం. శుక్రవారం గిరీశ్ స్వయంగా వచ్చి మూత తీశాడు.

"ఇది ఖాళీగా ఉంది గదా సార్! నిండిందంటిరే!"

కొత్త రంగుడబ్బా కర్నూలు నుంచి రావాలి. సోమవారం గాని రాదు.

శనివారం ఐదు దాటిపోయింది.

ఇందులోని అసలు మేలు ఇప్పుడు చెబుతాను వినండి. తప్పంతా మోయడానికి ఇంట్లో ఒకటి సిద్ధంగా ఉంది! ఆ సాయంత్రమంతా ప్రింటరును తిట్టాను. దాన్ని చేసిన కంపెనీని తిట్టాను. తెలుగు రాని గిరీశ్‌ను తిట్టాను. బడిపిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ రమాదేవి అంతా విన్నది.

"దాన్నెందుకు తిడతాండారు?" అంది చివరికి. "ఫ్లాపీలో ఎక్కించియ్యండి, బస్టాండు కాడ అచ్చేపిచ్చుకుంటానని మంగళవారం అడిగితి. బుధవారం అడిగితి. ఇంట్లో ప్రింటరు పెట్టుకోని బయట ఏపిస్తే నలుగురూ నగుతారంటిరి."

అంతే. మళ్ళీ పేపర్లలో తల దూర్చింది. ఆమె అరిచి ఉంటే బాగుండేది.

సోమవారం పొద్దున ఆమె సంచి నేనే మోసుకుని బస్టాండుకు వెళ్ళాను. తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. సీటు దొరకలేదు. కిటికీలోంచి చూస్తే, పైకడ్డీ పట్టుకున్న ఆమె చెయ్యి ఒక్కటే కనిపించింది. ఇంకో ఏడాది ఇంతే. నాకు సిగ్గేసింది, ఆ సంగతి దాచను.

బస్సు కదిలింది. ఎదురుగా కంప్యూటరు షాపతను షట్టరు పైకెత్తుతూ నన్ను చూశాడు.

"రా అన్నా, ఏమన్నా ప్రింటు తియ్యాల్నా?"

"వద్దప్పా" అన్నాను. "మాకు ఇంట్లోనే ఉంది."