డాక్టరు రాని దారి

కెంటకీ కొండల్లో, మనుషులు కాపురం చేయలేక వదిలిపోయిన ఒక లోయను నాగరికుల వినోదార్థం తెరిచి ఉంచారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. దాని పేరు ఎలుగువెన్ను వాహన విహార వనం. గుంతలు, బండలు, బురద, వంతెన లేని వాగు, అన్నీ సహజసిద్ధమైనవే. వానలు ముఖం చాటేసిన వారాల్లో మాత్రం పొద్దున్నే ఒక ట్యాంకరు వచ్చి ఆ సహజత్వాన్ని తడిపిపోతుంది.

లెక్సింగ్టన్‌లో కార్పెట్ల దుకాణం మేనేజరైన వెండెల్ క్రచ్చర్ అక్టోబరులో సకుటుంబంగా అక్కడికి వేంచేశాడు. అతని బండి చక్రాలు రొమ్మెత్తు. పైకప్పు మీద పార, గొడ్డలి, ఇసుకలో కూరుకుపోతే వేసే పలకలు. ఇన్ని హంగులతోనూ ఆ బండి ఇంతకాలం ఇంటినుంచి దుకాణానికీ, దుకాణంనుంచి సూపర్‌మార్కెట్టుకీ సాహసయాత్రలు చేస్తూ వచ్చింది. గొడ్డలికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. వీధిలోవాళ్ళు "ఆఫ్రికా ప్రయాణం ఎప్పుడు?" అని అడగడం మొదలుపెట్టాక ఇక ఏ మగాడు మాత్రం ఊరుకుంటాడు?

వెంట భార్య లోర్నా, అత్తగారు ఓపల్ ఉన్నారు. ఎనభై దగ్గరపడ్డ ఓపల్‌ను ఇంట్లో ఒంటరిగా వదల్లేక తీసుకొచ్చారు. "నేను పుట్టింది ఈ కొండల్లోనే" అని ఆవిడ దారిలో రెండుమూడు సార్లు అంది. ముసలివాళ్ళు ఎక్కడో ఒకచోట పుట్టకుండా ఉండరు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

విడిదిలో ప్రకృతి ఒడిలో సేదతీరడానికి వచ్చినవాళ్ళు ఏసీలూ టీవీలూ వేసుకుని, వాటికోసం జనరేటర్లు తిప్పుతున్నారు. ఆ రొదలో పిట్టల కూతలు వినపడటం లేదని ఒకాయన స్పీకరులో పిట్టల కూతలు పెట్టాడు. అక్కడ మనిషి పరువు బండికి పట్టిన బురదను బట్టి ఉంటుంది. తళతళలాడే వెండెల్ బండిని చూసి పక్క గుడారం ఆసామి, "ఏం బాసూ, బండిని పెళ్ళిచూపులకి తెచ్చావా?" అన్నాడు. వెండెల్‌కు ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున వన యజమాని రస్టీ గాబర్ట్ ఒక బండ మీదికెక్కి ఉపన్యసించాడు. "సోదర సోదరీమణులారా! ప్రభుత్వం నున్నటి రోడ్లేసి మిమ్మల్ని మెత్తబరిచింది. ఇక్కడ మాత్రం ఒక్క తట్ట కంకర కూడా పడలేదు. అప్పట్లో జిల్లా రోడ్ల కమిటీకి పెద్ద మా తాతగారే! జనం వెళ్ళిపోతే ఈ నేల కొని కాపాడిందీ ఆయనే! ఆ మహానుభావుడి దూరదృష్టి వల్లే ఈ గుంతలు మన తరానికి దక్కాయి!"

జనం చప్పట్లు కొట్టారు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

వెండెల్ అందరికన్నా ముందు బయల్దేరి, వాగు నడిమధ్యకు వెళ్ళి కూరుకుపోయాడు.

"చక్రాలు తిప్పకు, ఇంకా దిగబడుతోంది!" అని లోర్నా అరిచింది.

"నాకు చెప్పకు, నేను వీడియోలు చూశాను!" అన్నాడు వెండెల్, ఇంకాస్త దింపుతూ.

సాయానికి పది బండ్లు వచ్చాయి. సాటి మనిషి ఆపదలో ఉంటే ముందు ఫోటో తీయడం ఆ వర్గంవారి ఆచారం. తర్వాత ఎవరి ఇనుపతాడు గట్టిదన్న చర్చ జరిగింది. చర్చ తేలకుండానే రెండు బండ్లు ఉత్సాహం ఆపుకోలేక దిగి, పక్కనే కూరుకుపోయాయి. నీళ్ళు తలుపుల అంచును తాకాయి.

వెనక సీట్లోంచి ఓపల్ నెమ్మదిగా అంది: "ఆ కారూ ఇక్కడిదాకే వచ్చింది."

"ఏ కారు అత్తయ్యా?"

"డాక్టరుది. మా తమ్ముడు లోనీకి గొంతు పూడుకుపోయింది. మా అమ్మ వాణ్ణి దుప్పట్లో చుట్టుకుని ఆ ఒడ్డున నిలబడింది. డాక్టరు టోపీ చేత్తో పట్టుకుని ఈ ఒడ్డున నిలబడ్డాడు. మధ్యలో వాగు. నీళ్ళు తీసేసరికి డాక్టరుతో పని లేకపోయింది." ఆవిడ కిటికీలోంచి నీళ్ళకేసి చూసింది. "వంతెన వెయ్యమని మా నాన్న పోయేదాకా అడిగాడు. ఎవరూ వెయ్యలేదు. ఒక్కొక్కరే లోయ వదిలేశాం. ఇప్పుడు మీరు టికెట్టు కొనుక్కుని వచ్చారు."

లోర్నాకు ఈ సంగతి ఇదివరకు ఎవరూ చెప్పలేదు. వెండెల్ స్టీరింగు వదిలేశాడు. తలుపు తోసుకుని మోకాటిలోతు నీళ్ళలోకి దిగి, అత్తగారిని వీపున ఎక్కించుకున్నాడు.

"అటు కాదు నాయనా, ఆ ఒడ్డుకి తీసుకెళ్ళు" అంది ఓపల్.

అవతల పొదల మధ్య ఓపల్ వాళ్ళ పాత ఇంటి పొగగూడు మాత్రం మిగిలి ఉంది. ఆవిడ దాని రాళ్ళమీద చెయ్యి వేసి నిలబడింది. వెండెల్ బూట్లలోంచి నీళ్ళు కారుతున్నాయి. జీవితంలో మొదటిసారి తన బండిని చూస్తే అతనికి సిగ్గేసింది. ఆ మహత్తర ఘట్టాన్ని ఇవతలి ఒడ్డునుంచి అందరూ వీడియో తీశారు.

సాయంత్రం వెండెల్ గాబర్ట్ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పి, "అక్కడ ఏదో ఒకటి చెయ్యాలండీ" అన్నాడు. గాబర్ట్ టోపీ తీసి నిజంగానే ఏడ్చి, తప్పకుండా చేస్తానన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. నెల తిరక్కుండా వాగు దగ్గర పెద్ద బోర్డు లేచింది: "డాక్టరు రాని దారి - గుండె ధైర్యం ఉన్నవారికే." వనంలో అంత గిరాకీ మరే దారికీ లేదు. దాటినవాళ్ళకి స్టిక్కరు ఇస్తారు. మొదటి స్టిక్కరు వెండెల్‌కే గౌరవపూర్వకంగా పంపారు. రెండు రోజులు బాధపడి, మూడోనాడు బండికి అంటించుకున్నాడు.

వసంతంలో, అవతలి కొండమీద ఇంకా మిగిలిన నాలుగు కుటుంబాల కోసం ఆ వాగుమీద వంతెన వేద్దామని ప్రభుత్వం సంకల్పించింది. బురదప్రియులు భగ్గుమన్నారు. జిల్లా సభకు వందల బండ్లలో తరలివెళ్ళారు. అందరికన్నా ముందు వెండెల్ లేచాడు. "ఆ వాగు మా కుటుంబ చరిత్ర! మా పసివాడి ప్రాణం తీసిన పవిత్ర స్థలం! దానిమీద సిమెంటు పోస్తారా?" అని గద్గద స్వరంతో అడిగాడు. సభ్యులు చలించిపోయి, వంతెన వేయరాదని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ లోయ గురించి ఎవరైనా ఏదైనా అడిగితే జిల్లావారు ఒక్కసారికే ఒప్పుకోవడం అదే ప్రథమం.

ఇంటికొచ్చి వెండెల్ విజయవార్త చెప్పాడు. ఓపల్ అంతా విని, "పాపం, మా నాన్నకి అడగడం చేతకాలేదు" అంది.

నిజమేనన్నట్టు వెండెల్ తలూపాడు.