రెండు వందల పన్నెండు గుండీల ప్రేరణ

మానవజాతి చరిత్రలో ఉపాధ్యాయుడు తనకు తెలిసినదాన్ని పిల్లలకు చెప్పిన కాలం ఒకటుండేది. అది అనాగరిక యుగం. ఇప్పుడు మనం చాలా ముందుకు వచ్చాం. ఉపాధ్యాయుడు తనకు తెలిసినదాన్ని తోటి ఉపాధ్యాయులకు చెబుతాడు. వాళ్ళు తమకు తెలిసినదాన్ని అతనికి చెబుతారు. అలా చెప్పుకున్నామన్న సంగతిని అందరూ కలిసి పైవాళ్ళకు చెబుతారు. పిల్లలు ఈలోగా నిశ్శబ్దంగా కూర్చుంటారు. (కూర్చోకపోతే దానికి వేరే ఫారం ఉంది.)

ఈ మహత్కార్యం కోసం మా విద్యాశాఖలో 'ప్రేరణ పంపిణీ విభాగం' అని ఒకటి వెలిసింది. ఏటా అక్కణ్ణుంచి ఒక ఫారం వస్తుంది. ప్రతి టీచరూ తన వ్యక్తిగత ఇష్టాలు మూడు, తనకు స్ఫూర్తినిచ్చిన బోధన వనరులు రెండు, శుక్రవారం సాయంత్రం అయిదు గంటల్లోగా తోటివారితో ఆనందంగా పంచుకోవాలి. ఆనందంగా పంచుకోనివారు సంజాయిషీ ఇచ్చుకోవాలి.

నేను డ్రాయింగు మాస్టారిని. పంతొమ్మిదేళ్ళుగా ఈ ఫారం నింపుతున్నాను కాబట్టి దాని మర్యాద నాకు తెలుసు. ఇష్టాల గడిలో 'పిల్లల చిరునవ్వు' అని రాయాలి. వనరుల గడిలో 'నల్లబల్ల, సుద్దముక్క' అని రాయాలి. మా స్టాఫ్‌రూమ్‌లో అందరం అదే రాస్తాం. కాస్త కవిహృదయం ఉన్నవాళ్ళు మాత్రం మార్పులు చేసుకుంటారు. డ్రిల్లు మాస్టారు 'సూర్యోదయం' అని రాస్తారు. ఆయన బడికి వచ్చేది రెండో పీరియడుకి. సైన్సు మేడం 'ప్రశ్నించే పిల్లలు' అని రాస్తుంది. ఆ మాట రాస్తున్న సమయానికి ప్రశ్న వేసిన పిల్ల ఒకతె వరండాలో నిలబడి ఉంటుంది.

ఈ ఏడాది మూడో తరగతి టీచరు ఆ ఫారంలో నిజం రాసింది.

ఆవిడ మా బడికి కొత్త. పిల్లలు గుండీల టీచర్ అంటారు. వాళ్ళ నాన్నగారు దర్జీ. ముప్పై ఏళ్ళు మిషను తొక్కి, కుట్టగా మిగిలిన గుండీలన్నీ ఒక రేకు బిస్కెట్ల డబ్బాలో దాచారు. ఆయన పోయాక ఆ డబ్బా కూతురికి వచ్చింది. కూతురు దాన్ని తరగతికి తెచ్చి భాగహారం చెబుతోంది. పదిహేడు గుండీలు తీసి అయిదుగురికి సమానంగా పంచమంటుంది. తలా మూడు వస్తాయి, రెండు మిగులుతాయి. మిగిలినవాటిని డబ్బా మూతలో వెయ్యాలి. మూతలో ఉన్నదే శేషం. నేను ఒకరోజు కిటికీలోంచి ఆ పాఠమంతా చూశాను. నా చిన్నప్పుడు నన్నూ అలా కూర్చోబెట్టి చెప్పి ఉంటే నేను డ్రాయింగు మాస్టారిని అయ్యేవాణ్ణి కాను.

"ఏంటమ్మా, గుండీల డబ్బా అని నిజంగానే రాసేశావా?" అన్నాను ఆవిడ ఫారం చూసి.

"అవును మాస్టారూ. ఇష్టమైనదేంటని అడిగారు కదా."

"అడిగితే మాత్రం చెప్పేస్తావా? అది కొట్టేసి చిరునవ్వు అని రాయి. చిరునవ్వునైతే ఎవరూ వచ్చి పట్టుకుపోరు."

"పాత గుండీలు ఎవరిక్కావాలి మాస్టారూ, మీరు మరీనూ!" అని నవ్వేసింది.

వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. 'మీ వనరు స్ఫూర్తిదాయకంగా ఉన్నట్టు మాకు ప్రాథమికంగా అనుమానం కలిగినది. నిర్ధారణ నిమిత్తం అసలు వనరును మూడు రోజుల్లో దాఖలు చేయవలెను. ఫొటో చెల్లదు.' మా బడికి ఇలాంటి ఉత్తరం రావడం ఇదే మొదలు. హెడ్మాస్టారు ఉబ్బితబ్బిబ్బై, డబ్బాను స్వయంగా ఒళ్ళో పెట్టుకుని బస్సులో తీసుకెళ్ళి ఇచ్చి వచ్చారు. రసీదు కూడా తెచ్చారు. 'రేకు డబ్బా ఒకటి, మూత ఒకటి, గుండీలు రెండు వందల పన్నెండు, ప్రేరణ: ఇంకా లెక్కించవలసి ఉన్నది.'

అప్పటికి పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయి. ముప్పై నాలుగు మంది పిల్లలు సరిగ్గా శేషం దగ్గర ఆగిపోయారు. టీచరు గులకరాళ్ళు ఏరి తెచ్చింది. హెడ్మాస్టారు పరుగున వచ్చి ఆపేశారు. ఎంపికైన వనరును పోలినదాన్ని వాడితే అది నకలు తయారుచేసినట్టవుతుందట, దానికి మళ్ళీ విచారణట. ఇక చేసేది లేక టీచరు గాలిలో గుండీలు పంచింది, పిల్లలు గాలిలో అందుకున్నారు.

"మిగిలింది ఎక్కడ వెయ్యాలి టీచర్?" అని ఒక పాప దోసిలి పట్టుకుని అడిగింది.

డబ్బా తిరిగి ఇప్పించమని అర్జీ పెట్టుకుంది. పద్నాలుగో నిబంధన ప్రకారం వీలుపడదని జవాబు వచ్చింది. పంచుకున్న వస్తువు పంచుకున్నవారి దగ్గరే ఉంటే అది పంచుకోవడం ఎలా అవుతుందని విభాగం వారి సందేహం. పైగా తన వనరుతో తానే ప్రేరణ పొందడం బంధుప్రీతి కిందికి వస్తుంది. వేరే టీచరెవరైనా ప్రేరణ పొంది అడిగితే పరిశీలిస్తారట.

సరే, నేను ప్రేరణ పొందుదామని నిశ్చయించుకున్నాను. దరఖాస్తుకు రెండు ఫొటోలు జతచేయాలి, ప్రేరణ పొందక ముందు ఒకటి, పొందిన తర్వాత ఒకటి. మా ఆవిడ చేత తీయించుకుని పంపాను. రెండు ఫొటోల్లోనూ ముఖం ఒకేలా ఉందని తిప్పి పంపేశారు. "పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, మీకున్నది ఆ ఒక్క ముఖమే. పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?" అంది మా ఆవిడ.

ఇక లాభం లేదని టీచరూ నేనూ కలిసి ఆ ఆఫీసుకే వెళ్ళాం. అక్కడ గోడల నిండా 'పంచుకుందాం, పెంచుకుందాం' అన్న పోస్టర్లు. ప్రేరణాధికారి ఎదురొచ్చి మరీ కూర్చోబెట్టారు. చాలా మంచి మనిషి. అదే వచ్చిన చిక్కు.

"మీ డబ్బా అద్భుతం అమ్మా! నాలుగు వేల మంది టీచర్లు లైక్ కొట్టారు తెలుసా?"

"ఎవరైనా పాఠంలో వాడారాండీ?"

"వాడితే అరిగిపోదూ?" అన్నారాయన నొచ్చుకుంటూ.

తర్వాత డబ్బా ఎంత దూరం ప్రయాణించిందో ఎంతో గర్వంగా వివరించారు. మొదట భద్రతా సంఘం పరిశీలించి, పిల్లలు మింగే అవకాశమున్న చిన్న గుండీలు నూట నలభై తీసేసింది. తర్వాత సమానతా సంఘం కూర్చుంది. గుండీల్లో కొన్నింటికి రెండు కన్నాలు, కొన్నింటికి నాలుగు కన్నాలు ఉండటం పసి మనసుల్లో హెచ్చుతగ్గుల భావం నాటుతుందని తేల్చి, డెబ్బై ఒకటి తీసేసింది. రేకు అంచు వేలిని కోస్తుందని డబ్బానూ, డబ్బా లేనప్పుడు దేనికని మూతనూ తీసేశారు. అద్దాల పెట్టెలో, చిన్న దీపం కింద, ఒకే ఒక్క పెద్ద నల్ల కోటు గుండీ ఉంది.

"ఒక్కటే మిగిలిందండీ!" అంది టీచరు.

"చాలదామ్మా? ఒక్క గుండీని ముప్పై నాలుగు మందికి పంచండి. భాగహారంతో పాటు భిన్నాలు కూడా వచ్చేస్తాయి."

"అయితే అదైనా ఇవ్వండి."

"ఇప్పుడు కుదరదు. వచ్చే నెల నుంచి పర్యటనకు వెళ్తోంది."

"మిగతావి ఏం చేశారండీ?"

"నిబంధనల ప్రకారం పారేశాం. చాలా గౌరవంగా పారేశాం లెండి," అన్నారాయన.

ఆవిడ కిందికి వచ్చాక మెట్ల మీద కూలబడింది. "మా నాన్న ఒక్క గుండీ కూడా పారేసేవాడు కాదు మాస్టారూ. కింద పడితే చీపురు పట్టుకుని వెతికేవాడు," అని ముఖం కప్పుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళు కూడా మండింది. అయినా పంతొమ్మిదేళ్ళ సర్వీసు ఉన్నవాణ్ణి కనుక, వచ్చేముందే అక్కడి అభిప్రాయాల పుస్తకంలో 'చాలా బాగుంది' అని రాసి సంతకం పెట్టి ఉన్నాను.

ఈ సంగతి మూడో తరగతి పిల్లలకు ఎవరు చెప్పారో తెలియదు. (నేనే చెప్పాను.) సోమవారం ముప్పై నాలుగు మందీ చొక్కాలకు పై గుండీ లేకుండా వచ్చారు. పెద్దవాళ్ళు చూడకుండా కత్తిరించి, గుప్పిట్లో పెట్టుకుని తెచ్చి టీచరు బల్ల మీద పోశారు. ఒకడు ఉత్సాహం పట్టలేక తన చొక్కా గుండీలన్నీ తెచ్చేసి, చొక్కాను పిన్నులతో బిగించుకున్నాడు. టీచరు వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తర్వాత తలుపు దగ్గరికి వేసి పాఠం మొదలుపెట్టింది.

సాయంత్రం తల్లులు కొందరు బడి మీదికి వచ్చారు. "ఏం బడండీ ఇది? చదువు చెప్పమని పంపిస్తే గుండీలు ఊడదీస్తారా?" అని ఒకావిడ గట్టిగానే అడిగింది. ఆవిడ కూతురు అమ్మను చెయ్యిపట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, ఇరవై మూడు గుండీలను నలుగురికి పంచి, మిగిలిన మూడూ చూపించింది. ఆ తల్లి ఆ మూడూ మరోసారి లెక్కపెట్టి చూసి వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఏ తల్లీ చొక్కాకు గుండీ తిరిగి కుట్టలేదు.

పరీక్షలకు నాలుగు రోజుల ముందు ప్రేరణాధికారి చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చారు. ఒకసారి స్ఫూర్తి పుట్టిన చోట మళ్ళీ పుట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆ మాత్రం నిఘా తప్పదు. ఆయనతో హెడ్మాస్టారూ, ఆయన వెనక నేనూ మూడో తరగతిలోకి వెళ్ళాం. తలుపు చప్పుడైన మరుక్షణం బల్లల మీద ఒక్క గుండీ లేదు. ముప్పై నాలుగు జతల గుప్పిళ్ళు బిగుసుకుని ఉన్నాయి.

"ఏమ్మా, ఈ తరగతిలో నలుగురితో పంచుకోదగ్గది ఏమైనా ఉందా?" అని అడిగారు అధికారి, ఎంతో ఆప్యాయంగా.

"ఏమీ లేదండీ," అంది గుండీల టీచర్. ఆవిడకు అబద్ధమాడటం అదే మొదలు. చాలా బాగా ఆడింది.

ఆయన పిల్లల వైపు తిరిగారు. "మీరు చెప్పండర్రా. టీచరుగారి దగ్గర ఏం నేర్చుకుంటున్నారు?"

"ఏమీ నేర్చుకోవట్లేదండీ!" అన్నారు ముప్పై నాలుగు మందీ ఒక్క గొంతుతో.

అధికారి సంతోషించి, రిజిస్టరు తెప్పించుకుని, 'తరగతి సంతృప్తికరంగా నడుస్తున్నది' అని రాసి వెళ్ళిపోయారు.