ముప్పైతొమ్మిదో పేజీ కోసం తారాబాయి చేసిన సమరం

సకల జనులారా, చెవి యొగ్గి వినుడు! గోదావరికి ఆవలి దరిన ఆదిలాబాదు అరణ్యములును, ఈవలి దరిన కరీంనగరపు బొగ్గుగనులును విరాజిల్లుచుండగా, మన క్రికెట్ యోధులు సప్తసముద్రాలు దాటి ప్రపంచకప్పును చేజిక్కించుకొన్న సంబరం ఇంకా చల్లారని ఎనభైమూడవ సంవత్సరపు ఆషాఢమాసాన, ఒకానొక గురువారం మధ్యాహ్నం ఒంటిగంట వేళ, గని కార్మికుల కాలనీ రీడింగ్ రూములోనికి, అంతవరకు ఏ ఆడకూతురి పాదమూ సోకని ఆ పురుషసింహాల గుహలోనికి, కొంగు నడుముకు బిగించి, బొగ్గు నింపే ముత్యం ఇల్లాలు తారాబాయి ఒంటరిగా అడుగుపెట్టింది.

ఆమె ఆయుధాలేవని అడుగుతారా? చేతిలో తమ్ముడు రాసిన పోస్టుకార్డు, ఐదో తరగతి దాకా నేర్చిన అక్షరాలు. అంతకు మించి సూదిమొన కూడా లేదు.

కార్డు ఉట్నూరు దగ్గరి పుట్టినూరు నుంచి వచ్చింది. మాఘమాసంలో పత్రికవాళ్లు జీపులో ఊరికి వచ్చారనీ, బండి తోలుకొస్తున్న బాపును, అంటే తమ నాన్నను, ఫొటో తీశారనీ, ఆ ఫొటో ఈ వారం సంచికలో వస్తుందనీ తమ్ముడు రాశాడు. బాపు మాత్రం వైశాఖంలోనే కన్నుమూశాడు. ఆయనకు బతికినన్నాళ్లూ ఒక్క ఫొటో లేదు. కూతురి పెళ్లిలో అందరినీ వరుసగా నిలబెట్టి ఫొటో తీసే వేళకు ఎడ్లకు నీళ్లు పెట్టాలని వెళ్లిపోయిన మహానుభావుడాయన. రెండు నెలలుగా తారాబాయికి బాపు గొంతు గుర్తొస్తోంది కానీ, కళ్లు మూసుకుంటే ముఖం పూర్తిగా కుదురుకోవడం లేదు. అదే ఆమె భయం.

కప్పు వీరుల బొమ్మల పుణ్యమా అని బస్టాండు దుకాణంలో ఆ వారపత్రిక పొద్దున్నే ఖాళీ అయింది. ఇక కాలనీ మొత్తానికి మిగిలింది రీడింగ్ రూముకు వచ్చే ఒకే ఒక్క ప్రతి. అందులోనూ బొమ్మలున్న కాగితం సాయంత్రం దాకా బతికిన దాఖలా లేదు. ఎవరో ఒకరు దొంగచాటుగా చించుకుపోయి గోడకు అతికిస్తారు.

ఆ ప్రతికి అక్కడ జరిగే సంస్కారం లోకంలో మరెక్కడా జరగదు. గది కాపరి పోశం, పిన్నుభంజనదీక్షాదక్షుడు, నలభై ఎనిమిది పేజీల పత్రికను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, నడుములోని రెండు పిన్నులనూ చాకుమొనతో పెరికి, పన్నెండు కాగితాలుగా విడగొట్టి పన్నెండుగురికి పంచుతాడు. ఒకే ప్రతిని పన్నెండుగురు ఏకకాలంలో చదవాలంటే వేరే దారి లేదు మరి. ఫలితంగా కథ మొదలు ఒకరి చేతిలో, కొస మరొకరి చేతిలో ఉంటుంది. ఢిల్లీ రాజకీయం వెనుక వంకాయకూర, జానపద కళల వెనుక జాతకం! ఒకరి చేతిలోని కాగితాన్ని ఇంకొకరు గుంజరాదు, చదివినవాడు తనంతట తాను కింద పెట్టాలి. పెట్టింది ఎవరు ముందు ముట్టుకుంటే వారిదే. ఈ ధర్మాన్ని మీరిన వాడిని పోశం నెల రోజులు గడప తొక్కనివ్వడు.

ముప్పైతొమ్మిదో పేజీలో 'మన అడవులు చూసొద్దాం' అనే యాత్రావ్యాసం ఉందని తారాబాయి అట్ట లోపలి పట్టికలో చదువుకుంది. ఆ పేజీ ఉన్న కాగితం సరిగ్గా హనుమంతు వాటాకు వచ్చింది. హనుమంతు అంటే ఎవరనుకున్నారు? నిఖిలాక్షరభక్షకుడు! తలనూనె ప్రకటన మొదలు అచ్చువేసినవాడి చిరునామా దాకా ఒక్క అక్షరం వదిలిపెట్టని వాడు. ఒకసారి పట్టిన కాగితాన్ని రెండో షిఫ్టు సైరన్ మోగితే తప్ప విడువని వాడు. ఆయన ముందుగా తొమ్మిది, పది పేజీల్లోని డిటెక్టివ్ సీరియల్‌ను అందుకున్నాడు. తొమ్మిదో పేజీ ముగించి కాగితాన్ని తిరగమడిచే క్షణంలో తారాబాయికి ఒక ఎద్దు కొమ్ము మెరుపులా కనిపించింది. మరుక్షణం ముప్పైతొమ్మిదో పేజీ బల్ల మీద బోర్లాపడింది. దానికి అటూ ఇటూ హనుమంతు మోచేతులు కోటబురుజుల్లా నిలిచాయి.

"హనుమంతన్నా, జర గా ఎనుక పుట సూపియ్యరాదే," అని ఆమె మెల్లగా అడిగింది.

ఆయన తల ఎత్తలేదు. చదవడం అయ్యాక పెడతానన్నాడు. ఎప్పుడవుతుందని అడిగితే సైరన్ దాకా పడుతుందన్నాడు. పక్కనున్న రిటైరైన గుమస్తా లింగారావు సారు కళ్లద్దాలు సర్దుకుని, ఆ కాగితానికి తర్వాతి హక్కుదారు తానేనని ముందే ప్రకటించాడు. ఆడవాళ్లకు పత్రికలతో ఏం పని అని ఎవరో గొణిగారు. తారాబాయికి ఒళ్లు మండింది, కానీ వెనుదిరగలేదు.

అప్పటికి బల్ల మీద ఎవరికీ అక్కరలేని కాగితం ఒక్కటే మిగిలింది. అందులో అన్నీ కథల తోకలే, ఒక్క తలకాయ లేదు! పోశం దాన్ని జాలిగా ఆమె ముందుకు తోశాడు. ఆమె కూర్చుంది. గడియారం రెండు దాటింది, రెండున్నర దాటింది. మోచేతి బురుజులు కదలలేదు.

అంతలో, ఆహా, విధివిలాసమేమని చెప్పుదును! హనుమంతు పదో పేజీ అడుగుకు చేరుకున్నాడు. అక్కడ సీరియల్ కథానాయిక, విషం కలిపిన కాఫీ కప్పును పెదవుల దాకా తీసుకెళ్లి ఆగింది. దాని కింద చిన్న అక్షరాల్లో 'తరువాయి 43వ పేజీలో' అని ఉంది. మహావీరుడు మొదటిసారి తల ఎత్తాడు. నలభైమూడు ఎవరి దగ్గరుందని గదంతా కలయజూశాడు.

తారాబాయి తన బొటనవేలు ఎత్తి చూసింది. వేలి కింద నలభైమూడు.

ఆ క్షణాన ఆ వీరనారి హృదయంలో, "ఓరీ కాగితగ్రహణదురహంకారీ! నీ ప్రాణవాయువు నా గుప్పిట చిక్కెను, ఇక నీ బురుజులను దింపుము" అనునట్టి వాక్యాలు ఉరుములై దొర్లి ఉండవచ్చు. పైకి మాత్రం ఆమె కాగితాన్ని ఆ అంకె హనుమంతుకు కనబడేలా ఒకసారి ఎత్తి, నాలుగు మడతలు పెట్టి, బెంచీ మీద పరిచి, దాని మీద కూర్చుంది.

ధర్మం ఇద్దరికీ ఒకటే కదా. గుంజరాదు, కింద పెట్టేదాకా ఆగాలి. హనుమంతు పోశం వైపు చూశాడు. పోశం పైకప్పు వైపు చూశాడు. ఇంతలో గని దిక్కు నుంచి, దిక్కుంభికుంభస్థలాలు బీటలువారునట్టుగా, రెండో షిఫ్టు మొదటి సైరన్ మోగింది. రెండోది మోగేలోగా హనుమంతు బాయికాడ, అంటే గని దగ్గర, హాజరు పడాలి.

"సెల్లె, గా పోరి కాఫీ తాగిందా లేదా, గదొక్కటి సెప్పు," అన్నాడు హనుమంతు. "బాయిల ఎనిమిది గంటలు గిదే ఫికరుంటది నాకు."

"నువ్వు గా కాగితం కింద వెట్టన్నా. నేను గిది కింద వెడ్త."

ఉభయసేనలూ ఊపిరి బిగబట్టాయి. రెండు కాగితాలు ఒకేసారి బల్ల మీద వాలాయి. లింగారావు సారు చెయ్యి చాచాడు కానీ వయసు సహకరించలేదు. తారాబాయి అరచెయ్యి ముందు పడింది.

ఆమె కాగితం తిప్పింది. బొమ్మ అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. అందులో రెండు ఎడ్లు దర్జాగా, ఎన్నికల్లో గెలిచినట్టుగా నిలబడ్డాయి. కింద 'అడవిదారిలో ఎడ్లబండి' అని రాశారు. బండి తోలేవాడి పేరు లేదు. నొగల మీద చిటికెనవేలి గోరంత ముఖం ఉంది. నెత్తిన రుమాలు, చెయ్యి పైకి, నోరు తెరిచి ఉంది.

తారాబాయి ముందు నవ్వింది. ఆ తర్వాత ఏడ్చింది. నవ్వు ఆగకుండానే ఏడ్చింది.

నలభైమూడో పేజీ చదువుతూనే గడప దాకా పోయిన హనుమంతు ఆ సవ్వడికి వెనక్కి వచ్చాడు. ఎవరని అడిగాడు.

"మా బాపు. ఎండకాలంల పోయిండు," అంది. "సూడన్నా, ఎడమెద్దును తిడుతుండు. గది ఎప్పుడు గంతే, మాట ఇనది."

హనుమంతు చూశాడు. ఆ పేజీలో ఒక్క అక్షరమూ ఆయన ఇంకా చదవలేదు. అడగనూ లేదు. చేతిలోని కాగితాన్ని బల్ల మీద పెట్టి, రుమాలుతో ముఖం తుడుచుకుని బాయి దారి పట్టాడు. చదవని అక్షరాలను వెనుక విడిచి ఆయన ఆ గది దాటడం చరిత్రలో అదే మొదలు.

తారాబాయి కాగితాన్ని తెచ్చి పోశం ముందు పెట్టింది. ఇక్కడి కాగితం బయటికి పోరాదని ఆమెకు తెలుసు. పోశం దాన్ని చాలాసేపు పరీక్షించాడు. తర్వాత బొటనవేలు, చూపుడువేలు మూలకు ఆనించి, వడ్లగింజ పొడవున మెల్లగా చింపాడు.

"చినిగిన కాగితం గీడ ఉంచద్దు బిడ్డా, ఇంటికి కొండవో," అన్నాడు.

సీరియల్ మొదలు దానిలోనే ఉందని లింగారావు సారు గగ్గోలు పెట్టాడు. మొదలు తెలియకుండా కొస చదవడం తన వంశంలో లేదన్నాడు. ఆ కథ హనుమంతు నోట వినుమని పోశం ఆయనకు తీర్పు చెప్పి, రిజిస్టరులో 'ఒక కాగితం చినిగినది' అని రాసి సంతకం పెట్టాడు.

ఇట్లు వీరనారీశిరోమణి తారాబాయి, గజతురగరథపదాతులు లేకయే, నెత్తురు చుక్క చిందకయే, రెండు గంటలపాటు కూర్చుని పోరాడి ఒక సామ్రాజ్యాన్ని జయించి ఇంటికి తెచ్చుకుంది. దాని పొడవు మూడంగుళాలు, వెడల్పు రెండంగుళాలు. జనాభా రెండు ఎడ్లు, ఒక బాపు.