రెండు వందల మందికి ఒకే పథ్యం

మనుషుల్ని కలిపేది ప్రేమ అనుకుంటున్నారా? పొరపాటు! మనుషుల్ని కలిపేది కంప్యూటర్ ప్రోగ్రాంలో ఒక్క తప్పు లైను. రెండు వందల మందిని నాలుగు రోజుల్లో ఒకే కడుపుగా మార్చేస్తుంది!

నవ్వకండి. మా కొచబాంబా ఊళ్లో, బట్టల మిల్లులో జరిగింది. మగ్గాల దగ్గర పనిచేసే నేనే సాక్షిని. రెండు కిలోలు తగ్గిన సాక్షిని.

మా క్యాంటీన్‌లో వంట నెల్వా తెరాసాస్‌ది. ఎవరికి ఏం పడదో పంతొమ్మిదేళ్లుగా ఆమెకు నోటికి వచ్చు. ఈ కాలంలో ఇంత వెనకబాటుతనమా? డైరెక్టర్ ఉర్కిడి గారికి సిగ్గేసింది. ఫానోర్ అనే ప్రోగ్రామర్‌ని పిలిపించి వంటింట్లో స్క్రీన్ పెట్టించారు. అందులో మనిషికో పేజీ, పేజీలో ఆ మనిషికి పడనివాటి జాబితా.

"ఇక నీ బుర్రకి రెస్టు ఇయ్యమ్మా. స్క్రీన్ ఏం చెప్తే అది వండు" అని నెల్వాకు సెలవిచ్చారు.

సోమవారం ఫోర్‌మన్ కాసియానో బీపీ ఉందని తన పేజీలో ఉప్పు పడదని రాయించుకున్నాడు. అందరి కూరల్లోనూ ఉప్పు పోయింది! మంగళవారం ఒకావిడకు కడుపులో మంట. అంతే, రోట్లో నూరిన ల్యాహ్వా కారం బల్లల మీంచి మాయం. ల్యాహ్వా లేకుండా కొచబాంబాలో భోజనమా! బుధవారం ఒక కుర్రాడు తన ప్రియురాలికి నచ్చదని మాంసం మానేశాడు. అతని ప్రేమ కోసం మేమంతా మానేశాం. ఇంతటి త్యాగం ఏ చరిత్రలో ఉంది?

గురువారం ఇంకెవరికో ఉల్లిపాయ పడలేదు, పళ్లెంలో చప్పటి అన్నం మిగిలింది.

"ఏందక్కా ఇది? నాకేమన్నా ఆపరేషన్ అయ్యిందా?" అన్నాడు కాసియానో.

"నన్నడుగుతావేందయ్యా? నీకు మాంసం పడదంట, కారం పడదంట, ఉల్లిపాయ పడదంట. నిన్నమొన్నటిదాకా అవన్నీ మింగి ఎట్టా బతికావో మరి!" అంది నెల్వా, స్క్రీన్ చూపిస్తూ.

ఫానోర్ పరుగున వచ్చాడు. స్క్రీన్ చూశాడు. మొహం మాడిపోయింది.

"తప్పు నాదేనండీ. మనిషికో జాబితా ఇవ్వాల్సింది. నేను తీసుకెళ్లి క్లాసులోనే, అంటే అన్ని పేజీలకూ అచ్చులాంటి దాంట్లోనే, ఒకటి పెట్టేశా. పేజీలు రెండు వందలున్నా అన్నీ చూసేది ఆ ఒక్కదాన్నే. ఒకళ్లు రాస్తే అందరికీ పడుద్ది. రెండు రోజులు టైమిస్తే సరిచేస్తా."

డైరెక్టర్ ఒప్పుకోలేదు. సోమవారం ఆ స్క్రీన్ చూడటానికి రాజధాని నుంచి అతిథులు వస్తున్నారు. అప్పటిదాకా దాన్ని ముట్టుకోకూడదన్నారు. ఎంత ముందుచూపు!

శుక్రవారం ఆయన పళ్లెంలోకీ చప్పటి అన్నమే వచ్చింది.

"నాకు పడనిదంటూ ఏదీ లేదయ్యా!" అని ఉరిమి, తన పేజీ తెరిచి ఉన్నవన్నీ చెరిపేశారు.

ఆయన పేజీలో చెరిగితే అందరి పేజీల్లోనూ చెరిగినట్టే కదా! కాసియానోకు బీపీ పోయింది. ఆవిడ కడుపు మంట చల్లారింది. ఏ డాక్టరైనా ఇలా నయం చేయగలడా?

సోమవారం ఉప్పూ కారం దండిగా వేసిన మాంసం పులుసు. చిక్కబడాలని నెల్వా అందులో వేరుశనగ ముద్ద కలిపింది. అతిథులు చూస్తుండగా వడ్డన మొదలైంది.

వరుసలో ఎల్బా సురీతా ఉంది. నా పక్క మగ్గం ఆమెదే. పోయినేడు ఒక బిస్కెట్టులో వేరుశనగ పలుకు ఉండి ఆమె గొంతు మూసుకుపోతే, నేనూ కాసియానో మోసుకుంటూ ఆసుపత్రికి పరిగెత్తాం. ఆ సంగతి తన పేజీలో తన చేత్తోనే రాసుకుంది కనుక ధీమాగా గిన్నె అందుకుంది. శుక్రవారం అదీ చెరిగిపోయింది కదా, ఆమెకు అన్నీ పడతాయని స్క్రీన్ చెబుతోంది. వడ్డించే అమ్మాయి స్క్రీన్ చూసే పోసింది.

పొయ్యి దగ్గరున్న నెల్వా తలెత్తింది.

"ఎల్బా! నోట్లో పెట్టమాక!"

గరిటె పారేసి ఉరికి వచ్చి గిన్నెను చేత్తో కొట్టింది. పులుసు ఎగిరి డైరెక్టర్ చొక్కా మీదా, ఒక అతిథి బూట్ల మీదా పడింది. ఎల్బా పెదవి దాకా వెళ్లిన చెంచా కింద పడింది. ఎల్బా నెల్వా భుజం పట్టుకుని అక్కడే కూలబడింది.

"ఏం కాలేదులేవే, ఏం కాలేదు" అంటూ నెల్వా ఆమె వీపు నిమిరింది.

బుధవారానికల్లా ఫానోర్ ఆ లైను సరిచేశాడు. ఎవరి జాబితా వాళ్లకు వచ్చింది. మంచిదే! అదే రోజు నెల్వాకు ఒక కాగితం కూడా వచ్చింది. స్క్రీన్ ఆదేశాన్ని ధిక్కరించినందుకు, అతిథుల ఎదుట సంస్థ పరువు తీసినందుకు మందలింపు. ఆమె సర్వీసు రికార్డులో శాశ్వతంగా ఉంటుందట.

నేను ఫానోర్ దగ్గరికి వెళ్లాను.

"తమ్ముడూ, ఆ మందలింపు మా అందరి పేజీల్లోనూ పడేట్టు చెయ్యరాదూ? రెండు వందల మందిమి ఉన్నాం, తలా కాస్త మోస్తాం."

అతను తల వంచుకున్నాడు.

"సర్వీసు రికార్డులది వేరే ప్రోగ్రామన్నా. దాంట్లో ఒక్క తప్పు కూడా లేదు."